బాండు ప్రింటరు దగ్గర ఆగిపోయిన అప్‌గ్రేడ్: గుంటూరు కోల్డ్ స్టోరేజీ సర్వర్ కేసు

ఇది 2023 మే నెల నాటి కేసు. గుంటూరు చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఒకదానిది. ఎవరిది, ఏ రోడ్డులో ఉంది అన్నవి రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు సంగతులు మార్చాను.

నేనుండేది విజయవాడ. చిన్న ఆఫీసులకూ గోడౌన్లకూ లినక్స్ సర్వర్లు చూసిపెట్టడం నా పని. ఈ కోల్డ్ స్టోరేజీ నా చేతికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నాకు ముందు చూసినతను వేరే రాష్ట్రం వెళ్లిపోతూ పాస్‌వర్డులున్న కాగితం ఒకటి ఇచ్చాడు. ఏది ఎందుకు పెట్టాడో ఎక్కడా రాసి పెట్టలేదు. ఈ మాట ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అక్కడ ఏముంది

ఆఫీసు గదిలో బీరువా పక్కన ఒక మామూలు టవర్ సీపీయూ, అందులో ఉబుంటు 18.04 అనే లినక్స్ వెర్షన్. దాని మీద వెబ్ సర్వర్ అపాచీ, బిల్లింగ్ ప్రోగ్రాము నడిపే భాష పీహెచ్‌పీ 7.4, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7. ఏ రైతు సరుకు, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), రకం తేజానా 334నా తాలా, ఏ గదిలో ఏ వరస, అద్దె ఎంత, ఇవన్నీ ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కుతాయి. సరుకు దిగగానే రైతు చేతికి బాండు ఇవ్వాలి. ముందే అచ్చేసిన మూడు కాపీల కార్బన్ కాగితం మీద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కీచుకీచుమంటూ కొట్టే కాగితం అది. రైతుకు అదే రసీదు, అదే హక్కు. కొందరు దాన్నే బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుంటారు.

ఆ ప్రింటరుకు కంపెనీ ఇచ్చిన డ్రైవర్ 32-బిట్‌ది. అందరికీ పనికొచ్చే జనరల్ డ్రైవర్ వేస్తే కాగితం పొడవు కుదరక అంకెలు గళ్లు దాటి పోతున్నాయట. అందుకని 64-బిట్ సిస్టమ్‌లోనే 32-బిట్ లైబ్రరీలు (ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే కోడు ఫైళ్లు) కూడా పక్కపక్కన పెట్టి ఈ డ్రైవర్ నడిపిస్తున్నారు. పని బాగానే జరుగుతోంది.

18.04 నుంచి 20.04కు అప్‌గ్రేడ్ ఎందుకంటే, 18.04కు మామూలు సపోర్టు 2023 మే 31తో అయిపోతోంది. పొడిగింపు సపోర్టు తీసుకుని అక్కడే ఉండిపోయే దారి ఉంది, అది కూడా ఆలోచించాను. కానీ 18.04 మీద ఇక కొత్త వెర్షన్ ఇవ్వబోమని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు తేల్చేశారు. మేలో మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు, లారీల హడావిడి తగ్గుతుంది. చేస్తే అప్పుడే చేయాలి.

మొదటి సాయంత్రం

ఒక శనివారం సాయంత్రం వెళ్లాను. ముందు క్లోన్‌జిల్లాతో డిస్కు మొత్తానికి ఇమేజ్ తీసి బయటి హార్డ్‌డిస్కులో పెట్టాను. డేటాబేస్ బ్యాకప్ ఒక్కటి ఉంటే చాలదా అనిపించవచ్చు. చాలదు. డేటా పోవడం నా భయం కాదు. ఆ ప్రింటరు, ఆ లైబ్రరీలు, ఎవరో ఎప్పుడో చేసిన సర్దుబాట్లు మళ్లీ పేర్చుకోలేకపోవడం నా భయం. డేటాబేస్ బ్యాకప్‌లో అవేవీ రావు.

తర్వాత ఉబుంటును కొత్త వెర్షన్‌కు మార్చే డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ కమాండు మొదలుపెట్టాను. పదినిమిషాలు లెక్కలు వేసుకుని, అప్‌గ్రేడ్ లెక్క కుదరడం లేదని చెప్పి ఆగిపోయింది. ఉబుంటువి కాని ప్యాకేజీలు ఉండటం ఒక కారణం కావచ్చని కూడా చెప్పింది. అదే వరసలో పీపీఏ-పర్జ్ అనే టూల్ వాడమనీ సలహా ఇచ్చింది. పీపీఏ అంటే ఉబుంటు సొంత ఆర్కైవ్ కాకుండా బయటివాళ్లు ప్యాకేజీలు ఇచ్చే చోటు, ఆ టూల్ అక్కడినుంచి వచ్చినవాటిని వెనక్కి దించుతుంది. ఆ రాత్రి నేను ఆ రెండు వాక్యాలూ చదివాను, కానీ పట్టించుకోలేదు. ఏ అప్‌గ్రేడ్ ఆగినా అదే పాట పాడుతుందిలే అనుకున్నాను.

మంచి సంగతి ఏమిటంటే, ఈ దశలో ఆగితే సిస్టమ్‌లో ఏదీ మారదు. సోర్స్ లిస్టులు పాతవే తిరిగి పెట్టేస్తుంది. కాబట్టి కంగారేం లేదు.

హోల్డ్‌లో, అంటే కదపొద్దని గుర్తు పెట్టిన వాటిలో, ఏమున్నాయో చూశాను. ఒకే ఒక్క ప్యాకేజీ: ఆ ప్రింటరు డ్రైవర్. ఇక నాకు దొంగ దొరికినట్టే అనిపించింది. ప్యాకేజీలను ఎక్కించి, దించే ఆప్ట్ అనే ప్రోగ్రాము ఇచ్చే 'యూ హ్యావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్' అనే మాట కూడా దానికి తోడైంది. ఆ మాటకూ మనం పెట్టే హోల్డ్‌కూ సంబంధం ఉండాలని లేదు. ఫలానా ప్యాకేజీని ఇప్పుడున్న స్థితి నుంచి కదపలేకపోతున్నాను అనడానికి ఆప్ట్ వాడే మాట అది. ఏ హోల్డూ లేని మెషిన్లలో కూడా వస్తుంది. ఇది నాకు తెలిసిన విషయమే. తెలిసినా ఆ పూట బోల్తా పడ్డాను, ఎందుకంటే ఈ మెషిన్‌లో నిజంగానే ఒక హోల్డ్ ఉంది.

హోల్డ్ తీసేసి మళ్లీ నడపబోతుంటే గుమాస్తా గారు పక్కకు వచ్చి కూర్చున్నారు. అరవై దాటిన మనిషి. తెర మీద తెల్ల అక్షరాలు పరిగెత్తుతుంటే కాసేపు చూసి, "బాండ్లు వస్తాయి కదా బాబూ దీని తర్వాత? బాండు రాకపోతే రైతు గుమ్మం దిగడు" అన్నారు.

ఆ ప్రశ్న వల్లే చేయి ఆగింది. హోల్డ్ పెట్టినతను తమాషాకు పెట్టి ఉండడు కదా. దీన్ని కదిలిస్తే ఏదో పోతుందని అతనికి ముందే తెలిసి ఉండాలి. లైవ్ సర్వర్ మీద ఇక ముట్టుకోనని హోల్డ్ మళ్లీ పెట్టేసి, ఇమేజ్ తీసుకుని విజయవాడ వచ్చేశాను.

క్లోన్ మీద చేసిన తప్పులు

ఇంట్లో ఆ ఇమేజ్‌ను వర్చువల్‌బాక్స్‌లోకి (మన కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాము) దింపి, స్నాప్‌షాట్ తీసి, అక్కడ హోల్డ్ తీసేసి అప్‌గ్రేడ్ వదిలాను. లెక్క కుదిరింది. తీసేయబోయే ప్యాకేజీల జాబితాలో డ్రైవర్ పేరు, దాంతో పాటు వరసగా 32-బిట్ లైబ్రరీలు కనిపించాయి. అయినా ఎస్ కొట్టాను. నా లెక్క ఇది: డ్రైవర్ ఫైలు ఎలాగూ నా దగ్గర ఉంది, పోతే పోయింది, 20.04కు చేరాక మళ్లీ ఎక్కించుకుందాం. ఈ పనిలో ఉన్న చాలామంది ఇలాగే అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

మధ్యలో మైఎస్‌క్యూఎల్ కూడా మొరాయించింది. అది వేరే గొడవ. 5.7 నుంచి 8.0కు వెళ్తుంది, 8.0లో క్వెరీ క్యాష్ అనేదే తీసేశారు. పాత కాన్ఫిగ్ ఫైలులో ఎవరో రాసిన క్వెరీ-క్యాష్-సైజ్ లైను దానికి అర్థం కాక సర్వీసు లేవలేదు. సర్వీసు లేవకపోతే ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయి వేలాడుతుంది. ఆ లైను ముందు ఒక హ్యాష్ గుర్తు (#) పెట్టి, డీపీకేజీని (ఆప్ట్ కింద ఉండి ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రాము) మిగిలినవి కాన్ఫిగర్ చేయమంటే పది సెకన్లలో తేలిపోయింది.

డ్రైవర్ దగ్గర మాత్రం తేలలేదు. మళ్లీ ఎక్కించబోతే డిపెండెన్సీలు, అంటే దానికి కావలసిన వేరే ప్యాకేజీలు, కుదరడం లేదంది. డీపీకేజీతో బలవంతంగా తోశాను. ఎక్కింది. కానీ ఆ క్షణం నుంచి ఆప్ట్ ఏ పని చెప్పినా ముందు విరిగింది బాగుచేసుకో అంటుంది. బాగుచేయమంటే ఆ డ్రైవర్‌నే తీసేస్తానంటుంది. ఇలా తోసిన ప్యాకేజీ ఉన్న మెషిన్‌లో రేపు ఒక సెక్యూరిటీ అప్‌డేట్ కూడా సాఫీగా ఎక్కదు.

పోనీ ప్రింట్ అయినా వస్తుందా అని టెస్ట్ పేజీ పంపితే 'ఫిల్టర్ ఫెయిల్డ్'. ఆ ఫిల్టర్ ఫైలును (పేజీని ప్రింటరుకు అర్థమయ్యేలా మార్చే డ్రైవర్ ప్రోగ్రాము) నేరుగా టెర్మినల్‌లో నడిపితే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంది. ఎల్ఎస్ కొడితే ఫైలు కళ్లెదుటే ఉంది, పర్మిషన్లు సరిగ్గా ఉన్నాయి. నడపబోతే మాత్రం లేదంటుంది. కొత్తవాళ్లు ఇక్కడ అరపూట పోగొట్టుకుంటారు. లేనిది ఆ ఫైలు కాదు. 32-బిట్ ప్రోగ్రామును మెమరీలోకి ఎక్కించే లోడర్ లేదు. 32-బిట్ లైబ్రరీలతో పాటు అదీ పోయింది. కెర్నల్ 'లేదు' అన్నది దాని గురించి.

32-బిట్ లిబ్‌సీ విడిగా వేస్తే ఎక్కింది, లోడర్ వచ్చింది. ఆ తర్వాత లిబ్‌గ్లిబ్ అనే ఇంకో లైబ్రరీ కావాలంది. అది వేయబోతే ఆప్ట్ ఒప్పుకోలేదు. అప్పటికి రాత్రి ఒంటిగంట. ల్యాప్‌టాప్ మూసేశాను.

దారం పట్టుకుని వెనక్కి

మర్నాడు కొత్తగా మొదలుపెట్టాను. ఈసారి దేన్నీ ఎక్కించాలని చూడలేదు. ఎందుకు ఎక్కనంటోందో ఒక్కో మెట్టు దిగుతూ అడిగాను. ఆప్ట్ చెప్పే కారణం ఎప్పుడూ ఒక్క మెట్టు కిందదే. డ్రైవర్ ఎందుకు ఎక్కదంటే లిబ్‌గ్లిబ్ ఎక్కడం లేదు కాబట్టి అంటుంది, అంతటితో నోరు మూసుకుంటుంది. లిబ్‌గ్లిబ్ ఎందుకు ఎక్కదో మనమే విడిగా అడగాలి.

అడిగాను. 32-బిట్ లిబ్‌సెలినక్స్ ఎక్కడం లేదంది. అది ఎందుకంటే, 32-బిట్ లిబ్‌పీసీఆర్ఈ2 ఎక్కడం లేదు. దాన్ని అడిగితే అసలు మాట బయటపడింది. 64-బిట్ లిబ్‌పీసీఆర్ఈ2 వెర్షన్ 10.36 ఉంది, 32-బిట్‌ది కూడా అచ్చంగా అదే ఉండాలి, నా దగ్గరున్నది 10.34.

ఒకే లైబ్రరీ 32-బిట్, 64-బిట్ రెండు రూపాల్లోనూ సిస్టమ్‌లో ఉండాలంటే రెండింటి వెర్షనూ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. డెబియన్, ఉబుంటులలో మల్టీఆర్చ్ నియమం అది. రెండూ కొన్ని ఫైళ్లు పంచుకుంటాయి, అవి వేరువేరుగా ఉంటే కుదరదు. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి నడిస్తే బండి సాగుతుందా.

మరి 10.36 ఎక్కడిది? 20.04లో ఉన్నదే 10.34. ఆప్ట్-క్యాష్ పాలసీ అని అడిగితే తెర మీద నాలుగైదు లైన్లు వచ్చాయి. ఇన్‌స్టాల్ అయి ఉన్నది 10.36, దాని పక్కన ప్రయారిటీ 100, దొరికే చోటు అంటూ ఏ సర్వరూ లేదు, మెషిన్‌లోని డీపీకేజీ స్టేటస్ ఫైలు ఒక్కటే ఉంది. దాని కింద 10.34, ప్రయారిటీ 500, ఉబుంటు ఆర్కైవ్. అంటే ఈ 10.36 ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ స్థిరపడింది. దానికి ఇప్పుడు పుట్టిల్లు లేదు.

ఆప్ట్ హిస్టరీ లాగ్ పాతవి తిరగేస్తే ఆ రోజు కూడా దొరికింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎప్పుడో పీహెచ్‌పీ 7.4 కావాలన్నారు. 18.04లో ఉన్నది 7.2. నాకు ముందతను ఒక పీపీఏ కలిపి 7.4 వేశాడు. అది వస్తూ తనకు కావలసిన కొత్త లిబ్‌పీసీఆర్ఈ2ను కూడా తెచ్చుకుంది. ఆ రోజు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. 18.04లో లిబ్‌సెలినక్స్‌కు పాత పీసీఆర్ఈ సరిపోయేది, పీసీఆర్ఈ2 ఊసే లేదు. 20.04లో అది పీసీఆర్ఈ2కు మారింది. ఆ మార్పుతో, ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని పీహెచ్‌పీ, ప్రింటరు డ్రైవరు ఒకే లైబ్రరీ దగ్గర ఢీకొన్నాయి.

అప్‌గ్రేడ్ మొదలుకాగానే ఉబుంటు బయటి పీపీఏలను ఆపేస్తుంది. పీపీఏ ఆగిపోయింది, అది ఇచ్చిన 10.36 మాత్రం మెషిన్‌లో మిగిలిపోయింది. దానికి జోడీగా 32-బిట్ 10.36 తెచ్చుకుందామంటే చోటు లేదు. ఆప్ట్ తనంతట తానుగా ఏ ప్యాకేజీనీ పాత వెర్షన్‌కు దించదు. మిగిలిన ఒకే దారి డ్రైవర్‌ను తీసేయడం. దానికి హోల్డ్ అడ్డం. అందుకే శనివారం లెక్క కుదరలేదు.

హోల్డ్‌ది ఏ తప్పూ లేదు. అది దాని పని అది చేసింది. శనివారం చూసిన ఏ మెసేజీలోనూ లిబ్‌పీసీఆర్ఈ2 పేరు ఒక్కసారి కూడా రాలేదు.

రెండు దారులు

ఒకటి, ముందు 20.04కు వెళ్లిపోయి, అక్కడ లిబ్‌పీసీఆర్ఈ2ను 10.34కు దించడం. ఒక్క కమాండు పని. క్లోన్‌లో చేసి చూస్తే డ్రైవర్ ఎక్కింది, ఫిల్టర్ నడిచింది. టెంప్ట్ అయ్యాను.

కానీ అదే క్లోన్‌లో పీహెచ్‌పీని కూడా పాలసీ అడిగి చూశాను. అదీ పుట్టిల్లు లేనిదే. పీపీఏది 7.4.33, 20.04 సొంతది 7.4.3. మన దగ్గరున్న నంబరు పెద్దది కాబట్టి ఉబుంటు ఇచ్చే ప్యాచ్‌లు ఎన్ని వచ్చినా ఆప్ట్ వాటిని పాతవిగానే చూస్తుంది. పీహెచ్‌పీ వాళ్లు స్వయంగా 7.4కు సపోర్టు 2022 నవంబరులోనే ఆపేశారు. అంటే సెక్యూరిటీ కోసం అప్‌గ్రేడ్ చేసి, బయటికి కనిపించే ప్రోగ్రామునే ప్యాచ్‌లు అందని చోట వదిలేసినట్టు. ప్రింటరు మాత్రం బ్రహ్మాండంగా కొడుతుంది, కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

రెండో దారి, 18.04లో ఉండగానే పీపీఏ తెచ్చినవన్నీ వెనక్కి దించేయడం. దీనివల్ల పీహెచ్‌పీ కాసేపు 7.2కు పడిపోతుంది, బిల్లింగ్ నడవదు. కాసేపే కదా. 20.04 తన సొంత 7.4ను తెస్తుంది. ఆలోచిస్తే, పీపీఏ ఏ అవసరానికి వచ్చిందో ఆ అవసరమే 20.04తో తీరిపోతోంది. ఇది ఎంచుకున్నాను.

పాత స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లి, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలన్నీ ఎక్కడినుంచి వచ్చాయో తీశాను. పీపీఏ నుంచి వచ్చినవి ఇరవైకి పైగా తేలాయి. ఎక్కువ పీహెచ్‌పీవే. పీపీఏ-పర్జ్ నడిపితే అవి దిగాయి. అవును, శనివారం రాత్రి ఆ మెసేజ్ చెప్పిన టూలే. చెప్పినప్పుడే చేసి ఉంటే రెండు రోజులు మిగిలేవి, కానీ ఎందుకు చేస్తున్నానో తెలియకుండా చేసేవాణ్ణి. అది ఎంతవరకు లాభమో నాకిప్పటికీ అనుమానమే.

ఇక్కడ ఒక నిర్ణయం. పర్జ్ అయ్యాక హోల్డ్ తీయాలా వద్దా? తీయలేదు. నా ఊహ సరైనదైతే హోల్డ్ ఉన్నా లెక్క కుదరాలి. తప్పైతే మళ్లీ ఆగిపోవాలి, ఏదీ చెడకుండా. అంతకన్నా మంచి కాపలా ఏముంటుంది.

లెక్క కుదిరింది. తీసేసే జాబితాలో డ్రైవర్ లేదు.

ఆదివారం

లైవ్ సర్వర్‌కు తర్వాతి ఆదివారం పెట్టుకున్నాం. గుంటూరు ఎండ సంగతి తెలిసిందే, కరెంటు మీద నమ్మకం లేదు. డీపీకేజీ పని మధ్యలో మెషిన్ ఆరిపోవడం కన్నా పాడు పరిస్థితి ఉండదు. అందుకని యూపీఎస్‌కు కొత్త బ్యాటరీలు వేయించమని ముందే చెప్పాను, ఓనరు గారు వేయించారు. కొత్తగా మళ్లీ ఇమేజ్ తీశాను. క్వెరీ క్యాష్ లైను ముందే తీసేశాను. కాన్ఫిగ్ ఫైళ్లు మార్చమంటావా అని అడిగిన ప్రతిచోటా మనదే ఉంచమన్నాను. చివర్లో పనికిరాని ప్యాకేజీలు తీసేయనా అంటే వద్దన్నాను. ఆ జాబితా తీరిగ్గా చదువుకుని తర్వాత తీయవచ్చు, ఆ పూటే తీయాల్సిన పని లేదు.

మొత్తం రెండు గంటలు పట్టింది. రీబూట్ అయ్యాక గుమాస్తా గారు పాత లాటు ఒకటి తీసి బాండు కొట్టారు. హెడ్డు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి మొదలైంది. టిక్కీల సంఖ్య గడి మధ్యలో పడింది. మూడో కాపీ, ఆ గులాబీ రంగుది, ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి, "అచ్చు బానే దిగింది" అన్నారు.

సోమవారం పొద్దున ఆయనే ఫోను. "బాబూ, స్టాకు రిపోర్టులో లాట్లన్నీ చెల్లాచెదరుగా వస్తున్నాయి. అంకెలు కరెక్టే, వరస తప్పింది."

ఇది నేను క్లోన్‌లో చూడనే లేదు. ప్రింటరు ధ్యాసలో పడి రిపోర్టులు తెరవలేదు. మైఎస్‌క్యూఎల్ 5.7లో గ్రూప్ బై రాస్తే ఫలితం దానంతట అదే వరసలో వచ్చేది. 8.0లో అది తీసేశారు, వరస కావాలంటే ఆర్డర్ బై అని అడగాలి. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఎక్కడా అడగలేదు, ఇన్నేళ్లూ అడగకుండానే వచ్చింది కాబట్టి. వాళ్లకు చెబితే రెండు రోజుల్లో సరిచేసి పంపారు. ఆ రెండు రోజులూ గుమాస్తా గారు రిపోర్టు ప్రింటు తీసి, పెన్నుతో వరస నంబర్లు వేసుకుని పని నడిపారు. అంతకుముందు ఎలాగూ పుస్తకాల్లోనే రాసేవాళ్లం, ఏముందిలెండి అన్నారు కానీ, నాకు మాత్రం సిగ్గేసింది. క్లోన్ మీద ఒక పూట ఆయన్నే కూర్చోబెట్టి ఉంటే ఐదు నిమిషాల్లో పట్టేసేవారు.

ఇప్పుడు అప్‌గ్రేడ్‌కు ముందు చేసేది

ఈ కేసు తర్వాత నా అలవాటు మారింది. ఏ మెషిన్ చేతికొచ్చినా మొదట అడిగేది ఏ వెర్షన్ అని కాదు. ఇందులో ఉబుంటు ఇవ్వనివి ఏమున్నాయి, వాటిని ఎవరు, ఎందుకు తెచ్చారు అని. జాబితా చిన్నదైతే సగం టెన్షన్ అక్కడే పోతుంది. హోల్డ్ కనిపిస్తే తీయను, అది దేన్ని కాపాడుతోందో కనుక్కుంటాను. ఆప్ట్ ఒక పేరు చెబితే ఆ పేరు దగ్గర ఆగను, అది మౌనంగా ఉండే మెట్టు వరకూ దిగుతాను. ఇక తీసేసి మళ్లీ వేసుకుందాంలే అన్న మాట క్లోన్ మీద తప్ప ఎక్కడా అనను.

అక్కడి బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి వచ్చాను. డ్రైవర్ మీద హోల్డ్ ఎందుకుందో, పీపీఏ ఎందుకు తీశామో, తేదీలతో తెలుగులో.

20.04కు సపోర్టు 2025 మేతో ముగిసేసరికి మళ్లీ అదే పని పడింది. ఈసారి 22.04కు. వెళ్లగానే బయటినుంచి వచ్చిన ప్యాకేజీల జాబితా తీశాను. ఒక్క లైనే వచ్చింది. గుమాస్తా గారు పక్కనుంచి తొంగి చూసి, "మన ప్రింటరే కదా" అన్నారు.